ముప్పై నాలుగు పట్టు నమూనాలు, ఒక సీడీ, రెండు సెషన్లు

గత వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం, బరంపురం పాత బస్టాండు దగ్గర, పాడైన డిస్కుల నుంచి ఫైళ్లు వెలికితీసే మా కొట్టుకు ఒక పెద్దాయన మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో తుప్పు పట్టిన బిస్కట్ల డబ్బా. అందులో మూడు సీడీలు, వాటి మధ్య పాత పట్టుగుడ్డ ముక్కలు. కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పడం మొదలుపెట్టారు.

"అమ్మా, ఇది తుపాను నీళ్లు తాగిన డబ్బా. మా నాన్నగారు గీసిన అంచుల గ్రాఫులన్నీ ఇందులోనే ఉండాలి. కాగితాలు ఆ ఏడే నానిపోయాయి. ఇప్పుడు సీడీ పెడితే మావాడి పెళ్లి ఫోటోలు తప్ప ఇంకేమీ కనబడటం లేదు."

తుపాను అంటే ఫైలిన్. 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలోని మా గంజాం జిల్లాలో ఆ రాత్రిని మరిచిపోయినవాళ్లు లేరు, అందువల్ల ఇక్కడ ఏది పాడైనా ముందు ఆ నేరం తుపాను మీదికే పోతుంది. పెద్దాయనది పట్టు మగ్గాల ఇల్లు. బరంపురం పట్టుకు, అందులోని ఫోడా కుంభ అంచుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుంభం అంటే అంచు పొడవునా గుడి గోపురాల్లా లేచే కొసలు. వాటిని మగ్గం మీదికి ఎక్కించే ముందు గళ్ల కాగితం మీద గడి గడిగా నింపుకుంటారు. అలాంటి 34 కాగితాలను పెద్దకోడలు 2007లో స్కాన్ చేయించి సీడీలో పెట్టిందట. ఆ 34 కావాలి.

మూడు సీడీల్లో ఒకటి పాటలది. ఇంకోదాన్ని ఎవరో పెన్‌డ్రైవులా వాడుకుందామని యూడీఎఫ్ అనే మరో పద్ధతిలో రాశారు. దాని లెక్క వేరు. అందులో ఇంటి లెక్కలు తప్ప ఏమీ లేవు. అసలు కేసు మూడోది.

ముందు కంటితో

డ్రైవులో పెట్టక ముందే ఏ సీడీనైనా దీపం కింద తిప్పి చూడటం నాకు అలవాటు. రాసుకునే సీడీలో కాలిన భాగం రంగు, కాలని భాగం రంగు వేరుగా ఉంటాయి. రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, గ్రామఫోను రికార్డుకు తలకిందులుగా. కేంద్రం నుంచి 25 మిల్లీమీటర్ల దగ్గర డేటా మొదలై, నిండు డిస్కయితే 58 మిల్లీమీటర్ల దాకా పోతుంది.

మనవడు ఫోనులో తీసి తెచ్చిన చిత్రం ప్రకారం వాళ్ల కంప్యూటర్ ఆ సీడీలో 90 ఎంబీ లోపే ఉందని చూపిస్తోంది. 700 ఎంబీ సీడీలో 90 ఎంబీ అంటే లోపలి అంచు నుంచి ఆరు మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే కాలాలి. నా కళ్ల ముందున్న పట్టీ స్కేలు పెట్టి కొలిస్తే 21 మిల్లీమీటర్లు దాటింది. పైగా కేంద్రం నుంచి 42 మిల్లీమీటర్ల దగ్గర చుట్టూరా ఒక సన్నని వలయం, చీరలో ఒంటి పోగు జరీ వేసినట్టు.

అక్కడే సగం తెలిసిపోవాలి. తెలిసినా నేను తొందరపడి ఒక గంట పాడుచేసుకున్నాను, అది తర్వాత చెబుతాను.

ఆ వలయం రెండు సెషన్ల మధ్య సరిహద్దు. ఒకసారి రాసి, ఆ రాతను మూశాక, అదే సీడీకి మరోసారి కొత్త రాత చేర్చితే అది రెండో సెషన్ అవుతుంది. మొదటి సెషన్ చివర ఒక ముగింపు పట్టీ, రెండోదాని ముందు ఒక ప్రారంభ పట్టీ పడతాయి. ముగింపు పట్టీ 6,750 సెక్టార్లు (సెక్టారంటే సీడీ మీది రాతను లెక్కపెట్టే ఒక గడి), ప్రారంభ పట్టీ 4,500, ఆపైన మరో 150 సెక్టార్ల విరామం. కలిపితే 11,400. సెక్టారుకు 2,048 బైట్ల చొప్పున 22 ఎంబీ పైచిలుకు చోటు ఏ ఫైలూ లేకుండానే పోతుంది. పెళ్లి ఫోటోల సీడీలో చోటు ఎందుకు తగ్గిందని అడిగే స్టూడియోల వాళ్లకు నేను ఇచ్చే జవాబు ఇదే.

ఏ సెషన్ ఎక్కడుందో రాసి ఉండే విషయపట్టికను డ్రైవును అడిగితే ఇలా చెప్పింది: మొదటి సెషన్ 0వ సెక్టారు నుంచి 144,650 దాకా, రెండోది 156,050 నుంచి 201,836 దాకా. తీసివేత చేసి చూడండి, మధ్యలో సరిగ్గా 11,400. మొదటి సెషన్ అంటే 282 ఎంబీ. తుపాను తినేసిందనుకున్న సరుకు మొత్తం కొలతకు సరిపోయేటట్టు అక్కడే కూర్చుని ఉంది.

మరి ఎందుకు కనబడలేదు

సీడీ మీద ఫోల్డర్లు నిజంగా గదుల్లా ఉండవు. ఫైళ్లు ఒకదాని పక్కన ఒకటి బారుగా పడుకుని ఉంటాయి, వాటి చిరునామాల జాబితా వేరేచోట ఉంటుంది. ఆ జాబితాకే మనం ఫోల్డరని పేరు పెట్టుకున్నాం. ఈ ఏర్పాటుకు మూలం 1985 నవంబరులో అమెరికాలోని లేక్ టాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కొన్ని కంపెనీల వాళ్లు కూర్చుని చేసుకున్న ఒప్పందం. దానికి కొన్ని మార్పులు చేసి 1988లో ఐఎస్‌ఓ 9660 ప్రమాణంగా వెలువరించారు.

మొదటి 16 సెక్టార్లు, అంటే 0 నుంచి 15 దాకా, ఆ ప్రమాణం ముట్టుకోదు. 16వ సెక్టారులో డిస్కు ముఖపత్రం ఉంటుంది. మొదటి బైటు 1 అయితే అది ప్రైమరీ వాల్యూమ్ డిస్క్రిప్టర్, ఆ వెంటనే 'సీడీ001' అని ఐదు అక్షరాల ముద్ర. డిస్కు పేరు, మొత్తం సెక్టార్ల సంఖ్య, అన్నిటికన్నా ముఖ్యంగా 156వ బైటు దగ్గర మూల డైరెక్టరీ చిరునామా. దాని నిడివి 34 బైట్లు. ఆ ముప్పై నాలుగు బైట్లే తాళంచెవి. అవి చూపిన సెక్టారుకు వెళితే అక్కడ జాబితా, ఆ జాబితాలో మళ్లీ లోపలి ఫోల్డర్ల చిరునామాలు.

ఇక సెషన్లు రెండున్నప్పుడు కంప్యూటర్ ఏ ముఖపత్రం చూస్తుంది? చివరిదాన్ని. చివరి సెషన్ ఎక్కడ మొదలైందో డ్రైవును అడిగి, దానికి 16 కలిపి అక్కడికి పోతుంది. మన డిస్కులో అది 156,066. అక్కడున్న జాబితాలో ఏముంటే అదే మనకు కనబడే సీడీ.

పద్ధతిగా రాసే సాఫ్ట్‌వేర్ కొత్త సెషన్ వేసేటప్పుడు పాత సెషన్ జాబితాను ముందు చదువుకుని, పాత ఫైళ్ల చిరునామాలను కొత్త జాబితాలోకి ఎత్తి రాస్తుంది. ఫైళ్లను మళ్లీ రాయదు, చిరునామాలను మాత్రమే రాస్తుంది. కొత్త ఇంటి ద్వారం దగ్గర పాత ఇంటి దారి కూడా రాసిపెట్టినట్టు. 1990ల మొదట్లో కొడాక్ ఫోటో సీడీతో ఈ బహుళ సెషన్ల పద్ధతి జనంలోకి వచ్చింది. అదే సీడీని మళ్లీ స్టూడియోకు పట్టుకెళ్లి తర్వాతి రీలు ఫోటోలు కూడా అందులో వేయించుకోవచ్చనేది అప్పటి ఆకర్షణ.

2009లో పెళ్లి ఫోటోలు వేసిన స్టూడియోలో ఆ ఎత్తి రాసే పని జరగలేదు. చోటు మిగిలిన సీడీ ఇంట్లో ఉంది కదా అని వీళ్లే ఇచ్చారు, అక్కడి కుర్రాడు కొత్త సెషన్ అని నొక్కేశాడు, అంతే. రెండో జాబితాలోని ప్రతి ఫైలు చిరునామా 156,000కు పైనే ఉంది. పాతవాటిని కలిపి ఉంటే అదే జాబితాలో 32, 4,281 లాంటి చిన్న సంఖ్యలు కూడా కనబడి ఉండేవి. ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇందులో ఒక వింత కూడా ఉంది. ఒకే సెషన్ చదవగలిగే పాతకాలపు డ్రైవు ఎవరి అటకమీదైనా ఉండి ఉంటే, దానికి మొదటి సెషన్ మాత్రమే తెలుసు కాబట్టి, అది ఈ 34 గ్రాఫులను మారుమాట లేకుండా చూపించేది.

గంట నష్టం

రోగిని ముట్టుకోక ముందు నకలు తీయాలన్న నియమం ప్రకారం డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో డిస్కు మొత్తాన్ని ఒక ఫైలులోకి దింపడం మొదలుపెట్టాను. సగం పైన నడిచాక డ్రైవు కీచుమంది, వేగం పడిపోయింది, చదవలేని సెక్టార్ల లెక్క వేలల్లోకి పోయింది. అప్పటికి విషయపట్టిక చూసే ఉన్నాను. అయినా ఆ చప్పుడు వినగానే నా బుర్రలో కూడా తుపానే మెదిలింది. తేమ లోపలికి పాకి అద్దంపొర లేచిపోయిందేమోనని డిస్కు తీసి తుడిచి, డ్రైవు మార్చి మళ్లీ పెట్టాను. రెండో డ్రైవు కూడా అదే చోట మొరాయించింది.

రెండు డ్రైవులు ఒకే సెక్టారు దగ్గర ఆగడం చూశాక గాని నాకు బుద్ధి రాలేదు. దెబ్బ తగిలిన డిస్కు ఒక్కో డ్రైవుతో ఒక్కో రకంగా పేచీ పెడుతుంది. ఇది గీత గీసినట్టు 144,648 దగ్గర ఆగి, 156,050 దగ్గర మళ్లీ మామూలైంది. అది సెషన్ల మధ్య ఖాళీ. అక్కడ చదవడానికి ఏ డ్రైవుకూ ఏమీ ఉండదు. రెండు సెక్టార్లు ముందే ఆగిందేమంటే, ట్రాకును ఒక దఫాలో రాసి ఆపినప్పుడు చివర రెండు సెక్టార్లు చదవరాకుండా మిగులుతాయి. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు సీడీ పాడైందని కస్టమర్లను వెనక్కి పంపే కారణాల్లో ఇదొకటి, వచ్చి పదిహేనేళ్లయిన నాకూ ఆ రోజు అది కొత్తే అయింది.

ఆ ఖాళీని నకలు నుంచి కోసేయకూడదు. చిరునామాలన్నీ డిస్కు మొదటి నుంచి లెక్కపెట్టినవి కాబట్టి, మధ్యలో 11,400 సెక్టార్ల సున్నాలు అలాగే ఉండాలి. తీసేస్తే రెండో సెషన్ జాబితా చెప్పిన చోట వేరే సరుకు ఉంటుంది.

నకలు పూర్తయ్యాక దాన్ని లైనక్సులో మామూలు డిస్కులా తెరిచాను. పెళ్లి ఫోటోలు లేవు. రెండు ఫోల్డర్లు, వాటిలో 34 ఫైళ్లు. నేనేమీ బాగుచేయలేదు. నకలు ఫైలుకు విషయపట్టిక ఉండదు కాబట్టి చివరి సెషన్ ఎక్కడని అడగడానికి అక్కడ ఎవరూ లేరు. కంప్యూటర్ నేరుగా 16వ సెక్టారుకు పోయింది. అవే బైట్లు డ్రైవులో ఉంటే పెళ్లి, ఫైలుగా ఉంటే పట్టు. పెళ్లి ఫోటోలు కావాలంటే సెషన్ మొదలయ్యే చోటు 156,050 అని చెప్పి తెరిస్తే సరిపోయింది.

మనవడు కుర్చీ నా పక్కకు జరుపుకుని, "అక్కా, తేదీ తెలుస్తుందా?" అన్నాడు. తాతగారికి ఇంకా తుపాను మీదే అనుమానం. డైరెక్టరీ రికార్డులో తేదీకి ఏడు బైట్లు కేటాయించారు. మొదటి సెషన్ మూల డైరెక్టరీలో ఉన్నవి వరసగా: 107, 3, 14, 15, 42, 16, 22. మొదటిదానికి 1900 కలపాలి, అంటే 2007. మార్చి 14, మధ్యాహ్నం 3 గంటల 42 నిమిషాల 16 సెకన్లు. చివరి 22 ఏమిటని అడిగాడు. గ్రీన్‌విచ్ కాలానికి ఎంత ముందున్నామో చెప్పే అంకె, పావుగంటల్లో. 22 పావుగంటలంటే ఐదున్నర గంటలు, మన దేశ కాలం. రెండో సెషన్ ఏడు బైట్లలో మొదటి మూడు 109, 5, 11. అంటే 2009 మే నెల. ఫైలిన్‌కు నాలుగేళ్ల ముందే ఆ గ్రాఫులు కనుమరుగయ్యాయి, ఇంట్లో ఎవరూ ఆ సీడీ తెరిచి చూడలేదు. "మే పదకొండు. పెళ్లయిన మరుసటి వారం" అన్నారు పెద్దాయన మెల్లగా.

గీతల పేర్లు

మొదట తెరిచినప్పుడు ఫోల్డర్ల పేర్లు కనబడలేదు. ఒకదాని పేరు ఆరు అడ్డగీతలు, ఇంకోదాని పేరు ఏడు. నేను పాతపద్ధతి జాబితాను చదువుతున్నాను. 1988 నాటి ఆ జాబితాకు తెలిసినవి ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే. కింది స్థాయి నిబంధన ప్రకారం పేరుకు ఎనిమిది, తోకకు మూడు అక్షరాలు.

పెద్దకోడలు ఫోల్డర్లకు తెలుగులో పేరు పెట్టింది. తెలుగు పేరును దాచుకునేది ఇంకో జాబితా, జోలియెట్. విండోస్ 95 రోజుల్లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. 17వ సెక్టారులోనో ఆ పక్కనో మొదటి బైటు 2గా ఉన్న రెండో ముఖపత్రం, దానికింద వేరే డైరెక్టరీల చెట్టు. ఫైళ్లు మాత్రం ఉమ్మడి, రెండు జాబితాలూ అదే సెక్టారును చూపిస్తాయి. మా వైపు పెళ్లి శుభలేఖల్లో ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు అచ్చువేస్తారు. భోజనాలు మాత్రం ఒకే చోట.

జోలియెట్‌లో ప్రతి అక్షరానికీ రెండు బైట్లు. ఆరు గీతల ఫోల్డరు పేరు బైట్లుగా ఇలా ఉంది: 12, 5, 12, 2, 12, 26, 12, 65, 12, 50, 12, 65. ఆరు జంటలు, ప్రతి జంటా 12తో మొదలు. అన్ని లిపుల అక్షరాలకూ అంకెలిచ్చే పట్టిక యూనికోడ్‌లో తెలుగు ఇల్లు 12. ఒడియా ఇల్లు 11, అందులో ముందు సగమే. వెనక సగంలో తమిళం కాపురం ఉంటుంది. భూమి మీద ఇచ్ఛాపురం దాటితే ఒడియా మొదలవుతుంది గాని, ఆ పట్టికలో మనకూ వాళ్లకూ నడుమ తమిళం ఉంది. అకారం, సున్న, చ, కొమ్ము, ల, కొమ్ము. 'అంచులు'. ఏడు గీతలది 'కొంగులు'. గుణింతం గుర్తు కూడా ఒక అక్షరం కిందే లెక్క కాబట్టి, జోలియెట్ ఇచ్చే 64 అక్షరాల చోటు మనకు సగానికి సగం తరిగిపోతుంది. తెలుగులో పొడుగు పేర్లు పెట్టేవాళ్లకు సీడీ మీద పేర్ల తోకలు తెగిపోయేది అందుకే.

జాబితాలో ఫైళ్ల చిరునామాలు 32, 4,281, 8,530 అని పోతున్నాయి. తేడా ప్రతిసారీ 4,249. అన్నీ ఒకే కొలత కాగితాలు, ఒకే స్కానరు, కుదించని టిఫ్ బొమ్మ ఫైళ్లు, ఒక్కోటి 8.3 ఎంబీ. సీడీ మీద ఫైలు ముక్కలు కాదు, మొదలు నుంచి చివరిదాకా ఏకంగా ఉంటుంది. హార్డ్ డిస్కు కన్నా సీడీని రక్షించడం తేలికయ్యేది ఈ ఒక్క గుణం వల్ల. జాబితా మొత్తం పోయినా, 32 దగ్గర మొదలుపెట్టి 4,249 చొప్పున కోసుకుంటూ పోతే 34 ఫైళ్లూ చేతికి వచ్చేవి.

తొమ్మిదో అంచు

ముప్పై మూడు శుభ్రంగా వచ్చాయి. తొమ్మిదో అంచు ఫైలులో 58 సెక్టార్లు చదవడానికి రాలేదు, ఇది మాత్రం నిజమైన గాయం. గాయపడిన సెక్టార్ల సంఖ్యలు చూస్తే దాదాపు పన్నెండుకొకటి. ఆ చోట డిస్కు ఒక చుట్టులో పట్టేవి సుమారు పన్నెండు సెక్టార్లే. అంటే ప్రతి చుట్టులోనూ అదే వైపున దెబ్బ.

డిస్కు తిప్పి చూశాను. పైభాగాన బాల్‌పెన్నుతో '2007 - అంచులు కొంగులు' అని ఒత్తి రాసి ఉంది. కేంద్రం నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర, అంకెకూ పేరుకూ నడుమ ఉన్న ఆ చిన్న అడ్డగీత అర సెంటీమీటరు పొడవు, చుట్టుతో పాటే వంగినట్టు పడింది. సీడీలో అద్దంపొర పైభాగానికే దగ్గర, దానిమీద పలుచని వార్నిషు తప్ప రక్షణ లేదు. మెరిసే కింది వైపును జనం పసిపిల్లలా చూసుకుంటారు, పైన మాత్రం పెన్నుతో పొడుస్తారు. అక్షరాల గీతలు చుట్టుకు అడ్డంగా పడ్డాయి కాబట్టి ఒక్కో చుట్టులో పోయింది వెంట్రుకవాసి. చుట్టు పొడవునా సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా డ్రైవు తనలో ఉన్న అదనపు సమాచారంతో సర్దుకోగలదు. ఆ అడ్డగీత దగ్గర అది చేతులెత్తేసింది.

చిత్రాన్ని అచ్చు తీశాను. అడ్డం వరసకు 2,480 బిందువులు, ఒక్కోదానికి ఒక బైటు. పోయిన సెక్టారు 2,048 బైట్లు, ఒక వరసకు కూడా చాలదు. పది వరసలకొకటి చొప్పున సన్నని నల్లగీతలు, అడ్డంగా, చివర కాస్త తెగి. పేకలో అక్కడక్కడా పోగు తప్పిన గుడ్డలా ఉంది. పై వరసను కిందికి నకలు చేసి పూడ్చనా అని అడిగాను.

"వద్దమ్మా" అన్నారు ఆయన. కళ్లజోడు నుదుటిమీదికి తోసి కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కుంభం కొస దగ్గర వేలు ఆపి గళ్లు లెక్కపెట్టారు. "ఏడు, అయిదు, మూడు, ఒకటి. ఎడమ పక్క ఎట్లా దిగిందో కుడి పక్కా అట్లాగే దిగుతుంది. గడి మొత్తం కనబడుతోంది కదా, గీత పోతేనేం."

నల్లగీతలు ఉన్న అచ్చునే మడిచి జేబులో పెట్టుకున్నారు. 34 ఫైళ్లు, పెళ్లి ఫోటోలు రెండు పెన్‌డ్రైవుల్లో వేసి మనవడికి ఇచ్చాను. సీడీని మళ్లీ డబ్బాలో పెడుతుంటే, దానిమీద కొత్తగా తేదీ వేద్దామని వాడు బల్లమీది బాల్‌పెన్ను అందుకున్నాడు. లాక్కుని, కాగితం కవరు చేతికిచ్చి దానిమీద రాయమన్నాను.